అరిగిపోయిన ముందు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవడం: మొదటి నట్టు నుంచి చివరి పరీక్ష దాకా

ముందు బ్రేకులు సొంతంగా మార్చుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కొత్త డిస్కులు వేశాక కొన్నాళ్లకే బ్రేక్ తొక్కితే స్టీరింగ్ ఎందుకు వణుకుతోంది? ఖరీదైన ప్యాడ్లు వేసినా కీచుమని ఎందుకు అరుస్తున్నాయి? ఒక ప్యాడ్ నిండుగా ఉంటే దాని జంట రేకు దాకా ఎందుకు అరిగిపోయింది?

వీటిలో చాలావాటికి కారణం సామాను నాణ్యత కాదు. పాతవి ఊడదీయడానికీ కొత్తవి పెట్టడానికీ మధ్య చేయాల్సిన శుభ్రం, చూసుకోవాల్సిన భాగాలు వదిలేయడమే. బోల్టులు విప్పి బిగించడం ఎవరైనా చేస్తారు. ఆ మధ్యలో పెట్టే గంటే కొత్త సామాను ఎంతకాలం నిలుస్తుందో తేలుస్తుంది. అందుకే ఇక్కడ విప్పడం గురించి తక్కువగా, ఆ మధ్య పని గురించి ఎక్కువగా రాశాను.

కాలిపర్ అంటే పిస్టన్‌తో ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం. ఇది ఒకే పిస్టన్ ఉండి, స్లైడ్ పిన్ల మీద అటూ ఇటూ జరిగే కాలిపర్ ఉన్న కార్ల కోసం. ఎక్కువ కార్లకు ముందు చక్రాల్లో ఉండేది ఇదే. వెనక బ్రేకుల జోలికి వెళ్లడం లేదు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ఆ పద్ధతే వేరు.

1. నిజంగా మార్చాల్సిన సమయం వచ్చిందా?

ప్యాడ్‌లో చూడాల్సింది వెనకున్న ఇనుప రేకును కాదు, దాని మీద అతికించిన రాపిడి పదార్థాన్ని. అది 3 మి.మీ.కు దగ్గరైతే మార్చేయండి. లోపలి ప్యాడ్‌ను తప్పకుండా చూడాలి. చక్రం సందుల్లోంచి కనిపించే బయటి ప్యాడ్ బాగుందని నమ్మి లోపలిది పూర్తిగా అరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది.

డిస్క్ ఎంత వరకు అరగవచ్చో దాని మీదే ఉంటుంది. మధ్యలో టోపీలా ఉన్న భాగం మీదో, అంచు మీదో కనీస మందం చెక్కి ఉంటుంది. 22 మి.మీ. డిస్క్‌కు 20 మి.మీ. అన్నట్టు, కొత్త మందానికి ఆ అంకె సుమారు 2 మి.మీ. తక్కువగా ఉండటం మామూలు. తుప్పు పట్టి అంకె కనిపించకపోతే వైరు బ్రష్‌తో రుద్దండి.

కొలవడానికి మైక్రోమీటర్ మేలు. వెర్నియర్ కాలిపర్ వాడితే ఒక చిక్కుంది. డిస్క్ అంచున ప్యాడ్ తగలని చోట ఒక గట్టు మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆగి, ఉన్నదానికంటే ఎక్కువ మందం చూపిస్తాయి. ఒకే రకం నాణేలు రెండు తీసుకుని డిస్క్‌కు అటొకటి ఇటొకటి, గట్టుకు లోపలగా ఆనించి, వాటి మీద కొలవండి. వచ్చిన అంకెలోంచి రెండు నాణేల మందం తీసేస్తే అసలు కొలత వస్తుంది. డిస్క్ చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోండి.

మందం సరిపోయినా ఇవి కనిపిస్తే డిస్క్ మార్చాల్సిందే:

- పగుళ్లు, ముఖ్యంగా అంచు దాకా వచ్చినవి
- గోరు ఆగేంత లోతైన గాడులు
- ప్యాడ్ తిరిగే దారిలో గుంటలు పడిన తుప్పు
- బ్రేక్ తొక్కినప్పుడు పెడల్ కిందనుంచి కొట్టుకుంటున్నట్టు అనిపించడం

డిస్కులు మార్చినప్పుడు ప్యాడ్లు కూడా కొత్తవే వేయాలి. పాత ప్యాడ్ పాత డిస్క్ గాడులకు తగ్గట్టు అరిగి ఉంటుంది కాబట్టి కొత్త డిస్క్‌ను పూర్తిగా తాకదు. ఒక పక్క మాత్రమే మార్చే ఆలోచన అసలు వద్దు. రెండు చక్రాలూ ఒకేలా పట్టకపోతే బ్రేక్ తొక్కినప్పుడు కారు పక్కకు లాగుతుంది.

2. ఈ లక్షణాలుంటే ఇంట్లో మొదలుపెట్టకండి

- కాలిపర్ చుట్టూ గానీ చక్రం లోపలివైపు గానీ బ్రేక్ ఆయిల్ తడి ఉంటే
- పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగి ఉంటే
- బ్రేక్ గొట్టం పగిలినా, ఉబ్బినా
- కారు నిలబెట్టడానికి చదునైన, గట్టి నేల లేకపోతే

మొదటి మూడూ కాలిపర్‌కో గొట్టానికో చెందిన సమస్యలు. కొత్త డిస్కులు, ప్యాడ్లు వేస్తే అవి పోవు.

3. తెచ్చుకోవాల్సినవి

సామాను ముందే తెచ్చి, పాతవి విప్పకముందే మీ కారువో కాదో సరిచూసుకోండి. ఒకే మోడల్‌లో ఇంజిన్‌ను బట్టి, తయారైన సంవత్సరాన్ని బట్టి డిస్క్ సైజులు మారుతుంటాయి. మోడల్ పేరు చెప్పి కొనడం కంటే చాసిస్ నంబర్ ఇచ్చి కొనడం నయం.

సామాను:

- ముందు డిస్కులు రెండు, ప్యాడ్ల సెట్ ఒకటి (నాలుగు ప్యాడ్లు)
- ప్యాడ్ చెవులు (వెనక రేకుకు రెండు చివరలా పొడుచుకు వచ్చిన ముక్కలు) కూర్చునే స్టీలు క్లిప్పుల సెట్
- ప్యాడ్‌కు సెన్సర్ వైరు ఉండే కారైతే కొత్త సెన్సర్
- కంపెనీ మాన్యువల్ ఒక్కసారే వాడమన్న బోల్టులుంటే కొత్తవి
- స్లైడ్ పిన్ల కోసం రబ్బరుకు హాని చేయని సిలికాన్ బ్రేక్ గ్రీజు
- ప్యాడ్ చెవుల కోసం ఎక్కువ వేడి తట్టుకునే సెరామిక్ బ్రేక్ గ్రీజు
- బ్రేక్ క్లీనర్ స్ప్రే, రెండు డబ్బాలు

గ్రీజు దగ్గర పొదుపు వద్దు. బేరింగులకు వాడే మామూలు గ్రీజు పెట్రోలియంతో చేసినది. అది తగిలితే పిన్ల రబ్బరు ఉబ్బిపోతుంది, పిన్ బిగుసుకుంటుంది. పని చేసిన రోజు ఏమీ తెలియదు. కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది.

పనిముట్లు:

- జాకీ, జాక్ స్టాండ్లు రెండు, చక్రాల కింద పెట్టే అడ్డుచెక్కలు
- సాకెట్ సెట్, పానాలు, పొడవైన హ్యాండిల్
- టార్క్ రెంచ్
- సీ క్లాంప్ లేదా పిస్టన్ నొక్కే పనిముట్టు
- వైరు బ్రష్, ఎమరీ పేపర్, సుత్తి
- కాలిపర్ వేలాడదీయడానికి గట్టి తీగ
- సిరంజి, శుభ్రమైన గుడ్డలు, గ్లోవ్స్, కళ్లద్దాలు, మాస్క్

మాస్క్ తప్పనిసరి. బ్రేక్ దుమ్మును నోటితో గానీ కంప్రెసర్ గాలితో గానీ ఊదకండి. పాత కార్ల ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, లేకపోయినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

4. కారును నిలబెట్టడం

కారు కాసేపటి క్రితం నడిచి ఉంటే డిస్కులు చల్లారేదాకా ఆగండి. చదునైన నేల మీద ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. గేర్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టండి.

చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. తర్వాత మాన్యువల్ చూపించిన చోట జాకీ పెట్టి లేపి, స్టాండ్ల మీద దించండి. జాకీ లేపడానికే తప్ప కారును మోయడానికి కాదు. స్టాండ్ల మీద కూర్చున్నాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ లేపి సరిగా కూర్చోబెట్టండి.

రెండు చక్రాలూ తీసినా పని మాత్రం ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. ఏ క్లిప్పు ఎటు ఉందో అనుమానం వస్తే విప్పని పక్క చూసుకోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఇటు పిస్టన్ లోపలికి నొక్కుతున్నప్పుడు అటు కాలిపర్ కూడా విప్పి ఉంటే ఆ పిస్టన్ బయటికి రావచ్చు.

5. కాలిపర్ తీయడం

స్టీరింగ్‌ను ఒక పక్కకు తిప్పితే కాలిపర్ వెనక భాగం మీ వైపు వస్తుంది. ఏమీ ముట్టుకోకముందే ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీయండి.

1. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత వదులు చేయండి. చుట్టూ గుడ్డ కప్పండి, ఈ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. మట్టం గరిష్ఠ గీత దగ్గరుంటే సిరంజితో కొంత తీసేయండి.
2. పాత ప్యాడ్లు ఉండగానే సీ క్లాంప్‌తో పిస్టన్‌ను కొద్దిగా వెనక్కి నొక్కండి. డిస్క్ అంచు గట్టు దాటి కాలిపర్ సులువుగా వస్తుంది.
3. వెనకున్న రెండు పిన్ బోల్టులు విప్పండి. బోల్టుతో పాటు పిన్ తిరుగుతుంటే దాని చదును అంచును పానాతో పట్టుకోండి. కొన్ని కార్లకు బోల్టుల బదులు ప్లాస్టిక్ మూతల కింద అలెన్ కీతో విప్పే పిన్లు, బయట ఒక పెద్ద స్ప్రింగు ఉంటాయి.
4. కాలిపర్ తీసి సస్పెన్షన్ స్ప్రింగుకు తీగతో వేలాడదీయండి. గొట్టం మీద బరువు పడకూడదు. కాలిపర్‌ను గొట్టానికి వేలాడనిస్తే లోపలి పొర దెబ్బతింటుంది, అది పైకి కనిపించదు.

ఇక్కడ నుంచి కాలిపర్ మళ్లీ బిగించేదాకా బ్రేక్ పెడల్ ఎవరూ తొక్కకూడదు. పిల్లలు కారు ఎక్కి ఆడే ఇల్లయితే తలుపులు వేసి తాళం పెట్టండి.

6. పాత ప్యాడ్లను పారేసేముందు చదవండి

చాలామంది దాటవేసే మెట్టు ఇది. తీసిన రెండు ప్యాడ్లను పక్కపక్కన పెట్టి చూడండి. కాలిపర్‌లో తప్పేముందో అవే చెబుతాయి.

- రెండూ సమానంగా అరిగాయి: అంతా బాగుంది.
- లోపలిది బాగా అరిగి బయటిది నిండుగా ఉంది: చాలాసార్లు స్లైడ్ పిన్లు పట్టేసి ఉంటాయి. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నొక్కుతోంది, కాలిపర్ మాత్రం జరిగి బయటి ప్యాడ్‌ను లాగలేకపోతోంది.
- బయటిది ఎక్కువ అరిగింది: కాలిపర్ నొక్కాక వెనక్కి జరగడం లేదు. ఇదీ పిన్ల మీదే అనుమానం.
- ఒక చివర మందంగా, ఒక చివర పల్చగా ఏటవాలుగా ఉంది: ప్యాడ్ చెవులు క్లిప్పుల్లో ఇరుక్కున్నాయి, లేదా రెండు పిన్లలో ఒకటి పట్టేసింది.
- ఒక చక్రానివి అరిగాయి, రెండో చక్రానివి అరగలేదు: ఒక పక్క పిస్టన్ గానీ గొట్టం గానీ సరిగా పనిచేయడం లేదు.

అసలు కారణం పట్టుకోకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అదే తీరున అరుగుతాయి.

7. పాత డిస్క్ ఊడదీయడం

డిస్క్ రావాలంటే ముందు కాలిపర్ బ్రాకెట్ (ప్యాడ్లు, కాలిపర్ కూర్చునే ఇనుప చట్రం) తీయాలి. దాని రెండు బోల్టులు చాలా గట్టిగా ఉంటాయి, కొన్నిటికి మరలు వదులు కాకుండా పట్టే జిగురు, త్రెడ్‌లాక్ కూడా పూసి ఉంటుంది. ఆరు ముఖాల సాకెట్, పొడవైన హ్యాండిల్ వాడండి. కారు స్టాండ్ల మీద ఉంది కాబట్టి కుదుపులతో కాకుండా నిలకడగా లాగండి.

డిస్క్‌ను హబ్‌కు (డిస్క్, చక్రం బిగించే తిరిగే భాగం) పట్టుకునే చిన్న స్క్రూలు ఒకటో రెండో ఉండవచ్చు. ఇవి మొరాయిస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు వదిలేయండి. సరిగ్గా సరిపోయే బిట్ పెట్టి, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌తో విప్పండి. మామూలు స్క్రూడ్రైవర్‌తో బలం చేస్తే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్ చేసి తీయడమే మార్గం.

స్క్రూ వచ్చినా డిస్క్ రాకపోతే టోపీ భాగంలో మరలున్న రెండు రంధ్రాల కోసం చూడండి. ఎక్కువగా ఎం8 బోల్టులు పడతాయి. రెండింటినీ కొంచెం కొంచెంగా, సమానంగా బిగిస్తే అవే డిస్క్‌ను బయటికి నెడతాయి. రంధ్రాలు లేకపోతే డిస్క్ వెనకవైపు నుంచి చుట్టూ తిప్పుతూ సుత్తితో కొట్టండి. ఊడి కాలి మీద పడకుండా ఒక చక్రం నట్టు రెండు చుట్లు తిప్పి ఉంచండి. ఒకేచోట బలంగా బాదితే ఆ దెబ్బ వీల్ బేరింగ్ మీద పడుతుంది.

8. హబ్ ముఖం: స్టీరింగ్ వణుకు మొదలయ్యేది ఇక్కడే

డిస్క్ తీశాక హబ్ మీద గోధుమరంగు తుప్పు వలయం కనిపిస్తుంది. బోల్టుల మొదళ్ల చుట్టూ, మధ్య గుండ్రటి అంచు చుట్టూ అది పొరలుగా పేరుకుని ఉంటుంది. పైపైన తుడిస్తే శుభ్రమైనట్టే ఉంటుంది, వేలు పెట్టి నెమ్మదిగా తిప్పితే గరుకు తెలుస్తుంది.

ఆ గరుకు ఒక్కచోట 0.05 మి.మీ. ఉన్నా చాలు. కొత్త డిస్క్ ఆ మేరకు ఏటవాలుగా కూర్చుంటుంది. హబ్ కంటే డిస్క్ వ్యాసం ఎక్కువ కాబట్టి అంచు దగ్గర ఆ తేడా దాదాపు రెట్టింపవుతుంది. చాలా కార్లకు డిస్క్ ఊగులాటకు (తిరిగేటప్పుడు అంచు అటూ ఇటూ కదలడానికి) అనుమతించే హద్దే 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్య ఉంటుంది.

మొదటి రోజు ఏమీ తెలియదు, బ్రేకులు బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ డిస్క్‌లో ఒకే భాగం ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఆ భాగం మిగతా చోట్ల కంటే పల్చబడుతుంది, అప్పుడు పెడల్, స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. డిస్క్ వేడికి వంకరపోయిందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది వంకర కాదు, మందంలో తేడా.

కాబట్టి ఇక్కడ తొందర వద్దు:

1. వైరు బ్రష్‌తో హబ్ ముఖమంతా రుద్దండి. బోల్టుల మొదళ్ల దగ్గర చిన్న బ్రష్ వాడండి.
2. ఎమరీ పేపర్‌ను చదునైన చెక్క ముక్కకు చుట్టి ముఖం మీద తిప్పండి. లోహం మెరుపు రావాలి. లోహాన్ని అరగదీయకూడదు, తుప్పును మాత్రమే తీయాలి.
3. మధ్య అంచును కూడా శుభ్రం చేయండి.
4. బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిచి, వేలితో మళ్లీ చూడండి.

హబ్ ముఖానికి దట్టంగా గ్రీజు పూయకండి. గ్రీజు పొర కూడా డిస్క్‌ను సరిగా కూర్చోనివ్వదు, వేడికి కరిగి ప్యాడ్ల మీదికి చేరుతుంది.

9. కొత్త డిస్క్ పెట్టడం

కొత్త డిస్క్‌కు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. దాన్ని పూర్తిగా తీయాలి. బ్రేక్ క్లీనర్ కొట్టి తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు పసుపు మరక అంటుతుంటే ఇంకా నూనె ఉన్నట్టే, మరక రానంతవరకు తుడవండి. వేడి సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టినా సరిపోతుంది. రాపిడి ముఖానికి వేరే పూత వేసి పంపిన డిస్కులూ ఉంటాయి, వాటికి తుడవక్కర్లేదని పెట్టె మీదే రాస్తారు.

కొన్ని డిస్కులకు గాలి పోయే లోపలి రెక్కలు వంపుగా ఉంటాయి. అలాంటివాటికి కుడి, ఎడమ వేరు. గుర్తు చూసి పెట్టండి.

హబ్ మీద పెట్టి, స్క్రూ బిగించి, రెండు మూడు చక్రం నట్లు వాషర్లతో బిగించి కూర్చోబెట్టండి. ఊగులాట కొలిచే డయల్ గేజ్ ఉంటే అంచుకు 10 మి.మీ. లోపల ఆనించి ఒక చుట్టు తిప్పి చూడండి. ఊగులాట హద్దు దాటితే డిస్క్ తీసి, ఒక బోల్టు రంధ్రం పక్కకు తిప్పి పెట్టి మళ్లీ కొలవండి.

10. బ్రాకెట్, స్లైడ్ పిన్లు

పిన్లను రబ్బరు తొడుగుల్లోంచి ఒక్కొక్కటిగా లాగండి. ఆరోగ్యంగా ఉన్న పిన్ మెత్తగా, చిన్న గాలి శబ్దంతో వస్తుంది. పట్టేసిన పిన్ తిప్పి తిప్పి లాగితే గానీ రాదు. వచ్చాక దాని మీద గ్రీజు నల్లగా, గట్టిపడిన బంకలా ఉంటుంది.

రెండు పిన్లు ఒకేలా ఉండకపోవచ్చు. ఒకదాని చివర రబ్బరు రింగు ఉంటుంది, అది పైదా కిందదా అన్నది కారును బట్టి మారుతుంది. కలిపేయకుండా ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి.

పిన్‌ను తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. తుప్పు గుంటలుంటే కొత్త పిన్లు వేయండి, రుద్ది నునుపు చేసి వాడితే మళ్లీ పట్టేస్తుంది. రంధ్రం లోపల పాత గ్రీజును సన్నటి బ్రష్‌తో, బ్రేక్ క్లీనర్‌తో తీసి ఆరనివ్వండి. సిలికాన్ గ్రీజు పల్చటి పొరగా పూసి పెట్టండి. మరీ ఎక్కువ నింపితే లోపల గాలి, గ్రీజు ఇరుక్కుని పిన్‌ను వెనక్కి తోస్తాయి. తొడుగు అంచు పిన్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. వేళ్లతోనే పిన్ లోపలికీ బయటికీ జరగాలి.

బ్రాకెట్‌లో స్టీలు క్లిప్పులు తీసేస్తే వాటి కింద కూడా తుప్పు ఉంటుంది. దాన్ని వైరు బ్రష్‌తో పూర్తిగా తీయండి. ఆ తుప్పు క్లిప్పును పైకి లేపి ప్యాడ్‌ను బిగబడుతుంది. ఏటవాలుగా అరిగిన ప్యాడ్ల వెనక ఎక్కువగా ఉండే కారణం ఇదే. కొత్త క్లిప్పులు టక్కుమని కూర్చునేదాకా నొక్కండి.

బ్రాకెట్ బిగించేముందు బోల్టుల మరలు శుభ్రం చేయండి. మాన్యువల్ చెబితే త్రెడ్‌లాక్ వేయండి.

11. పిస్టన్‌ను లోపలికి నొక్కడం

పిస్టన్ మీద పాత ప్యాడ్ ఆనించి సీ క్లాంప్‌తో నెమ్మదిగా, నిటారుగా నొక్కండి. ఓరగా నొక్కితే పిస్టన్ ఇరుక్కుంటుంది. మధ్యమధ్యలో లేచి ఆయిల్ డబ్బా మట్టం చూడండి, అది పెరుగుతుంది. పొంగేలా ఉంటే సిరంజితో తీయండి.

మామూలు బలానికి కదలకపోతే ఆగిపోండి. ఇంకా గట్టిగా బిగించడం సమాధానం కాదు. పిస్టన్ తుప్పు పట్టి ఉండాలి, లేదా గొట్టం లోపల మూసుకుపోయి ఉండాలి. రెండూ మెకానిక్ చూడాల్సినవే.

12. ప్యాడ్లు పెట్టడం

చేతులు కడుక్కుని లేదా గ్లోవ్స్ మార్చుకుని ప్యాడ్లు ముట్టుకోండి. రాపిడి ముఖానికి గ్రీజు అంటకూడదు. బాగా పీల్చుకున్న ప్యాడ్‌ను శుభ్రం చేసి వాడటం నమ్మదగింది కాదు, మార్చేయాలి.

- అరుగుదల తెలిపే చిన్న రేకు ముక్క ఉన్న ప్యాడ్ సాధారణంగా లోపలివైపు. పాతది ఎటు ఉందో ఫోటోలో చూడండి.
- బాణం గుర్తు ఉంటే అది కారు ముందుకు వెళ్లేటప్పుడు డిస్క్ తిరిగే దిశ.
- చెవుల దగ్గర, వెనక రేకు పిస్టన్‌కు ఆనే చోట సెరామిక్ గ్రీజు పల్చగా పూయండి. వెనక జిగురు పొర ఉన్న ప్యాడ్లకు అక్కడ గ్రీజు వద్దు.
- ప్యాడ్ క్లిప్పుల్లో చేత్తో తోస్తే జరగాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే క్లిప్పు కింద తుప్పు మిగిలి ఉంది.
- రాపిడి ముఖం డిస్క్ వైపే ఉందని కళ్లారా చూడండి. తిరగేసి పెట్టడం నిజంగా జరిగే పొరపాటే, ఇనుప రేకు కొత్త డిస్క్‌ను వెంటనే కోసేస్తుంది.

కాలిపర్ దించి పిన్ బోల్టులు బిగించండి. గొట్టం మెలి తిరగలేదని చూసుకోండి.

13. బిగింపు ఎంత?

అసలు అంకెలు మీ కారు మాన్యువల్‌లోవే. అవి ఏ స్థాయిలో ఉంటాయో తెలియడానికి మాత్రం ఈ పరిధులు:

- కాలిపర్ పిన్ బోల్టులు: 25 నుంచి 40 న్యూటన్ మీటర్లు
- బ్రాకెట్ బోల్టులు: 80 నుంచి 150
- చక్రం నట్లు: 100 నుంచి 140

పిన్ బోల్టు చిన్నది, బ్రాకెట్ బలంతో దాన్ని బిగిస్తే మరలు పోతాయి. చక్రం నట్లను ఎదురెదురుగా, ఐదు ఉంటే నక్షత్రం ఆకారంలో బిగించండి. మొదట చేత్తో, కారు నేల మీదికి దించాక టార్క్ రెంచ్‌తో. ఇంపాక్ట్ గన్‌తో ఎడాపెడా బిగిస్తే డిస్క్ మీద ఒత్తిడి ఎగుడుదిగుడుగా పడుతుంది, హబ్ కోసం పడిన శ్రమంతా వృథా.

14. కారు కదిలే ముందు

పిస్టన్ వెనక్కి నొక్కి ఉంది కాబట్టి మొదటిసారి తొక్కితే పెడల్ నేల దాకా పోతుంది. ఆ స్థితిలో కారు కదిపితే బ్రేకులు ఉండవు. అందుకని రెండు పక్కలా పని ముగిశాక, ఇంజిన్ ఆపి ఉండగానే, పెడల్ గట్టిపడేదాకా నిదానంగా తొక్కి వదలండి.

ఈ జాబితా ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకుంటూ చూడండి:

- పెడల్ పైనే ఆగి గట్టిగా ఉంది
- ఇంజిన్ ఆన్ చేసి తొక్కి పట్టుకున్నా నెమ్మదిగా కిందికి జారడం లేదు
- ఆయిల్ మట్టం రెండు గీతల మధ్య ఉంది, మూత బిగించాను
- తక్కువైతే మూత మీద రాసిన రకమే పోశాను (డాట్ 3, డాట్ 4 లాంటివి, సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో కలపకూడదు)
- స్టీరింగ్ అటు చివర నుంచి ఇటు చివరకు తిప్పినా గొట్టం ఎక్కడా తగలడం లేదు
- బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో బిగించాను
- పనిముట్లన్నీ లెక్క సరిపోయాయి

తర్వాత ఖాళీ స్థలంలో నడక వేగంతో ముందుకు పోయి ఆపండి, వెనక్కి పోయి ఆపండి. తృప్తిగా ఉంటేనే రోడ్డెక్కండి.

15. ప్యాడ్లను డిస్క్‌కు అలవాటు చేయడం

కొత్త ప్యాడ్ పదార్థం పల్చటి పొరగా డిస్క్ మీద సమానంగా పరుచుకోవాలి. దీనికి ప్యాడ్ కంపెనీ సూచన ఉంటే అదే పాటించండి. లేకపోతే వాహనాలు లేని రోడ్డు మీద గంటకు 50–60 కి.మీ. వేగం నుంచి 10–15 కి.మీ.కు మధ్యస్థంగా బ్రేక్ వేసి తగ్గించండి, పూర్తిగా ఆపకండి. మధ్యలో కొంత దూరం నడుపుతూ ఇలా ఎనిమిది పదిసార్లు చేయండి. ఆపై పది నిమిషాలు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి చల్లారనివ్వండి.

డిస్క్ వేడిగా ఉండగా కారు ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోటే ముద్ర పడుతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, అవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వద్దు. కొత్తలో కొద్దిగా వాసన రావడం మామూలే. పొగ వస్తే మాత్రం ఆపి చూడాలి.

16. తర్వాత వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

నిరంతరం గీసుకుంటున్న శబ్దం, బ్రేక్ తొక్కకపోయినా: డిస్క్ వెనకున్న పల్చటి దుమ్ము రేకు పని చేస్తుండగా వంగి డిస్క్‌కు తగులుతోంది. చేత్తో వెనక్కి వంచితే సరిపోతుంది.

నెమ్మదిగా ఆపేటప్పుడు కీచుమనడం: అలవాటయ్యేదాకా కొంత ఉండవచ్చు. తగ్గకపోతే క్లిప్పులు, ప్యాడ్ వెనక ఉండే పల్చటి రేకులు (షిమ్‌లు), చెవుల దగ్గర గ్రీజు చూడండి.

పెడల్ మెత్తగా ఉండటం: మీరు గొట్టం విప్పలేదు కాబట్టి గాలి కొత్తగా చేరి ఉండదు. ప్యాడ్ సరిగా కూర్చోలేదేమో, క్లిప్పు మడత పడిందేమో మొదట చూడండి. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 4కు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరాక ఉండాల్సిన కనీస హద్దు 155 మాత్రమే.

ఒక పక్కకు లాగడం: లాగే వైపు కాదు, ఎదురు వైపు చూడండి. సాధారణంగా అటు బ్రేక్ సరిగా పట్టడం లేదు. పిన్ పట్టేసి ఉండవచ్చు, ప్యాడ్‌కు గ్రీజు అంటి ఉండవచ్చు.

ఒక చక్రం విపరీతంగా వేడెక్కడం: కొంతదూరం నడిపి ఆగాక, ముట్టుకోకుండా చేయి దగ్గరగా పెట్టి రెండు పక్కల వేడి పోల్చండి. తేడా స్పష్టంగా ఉంటే ఆ పక్క ప్యాడ్ వదలడం లేదు. పిన్లు, క్లిప్పులు, ఆపై పిస్టన్, గొట్టం అనే వరుసలో చూడండి.

పెడల్ నేల దాకా పోవడం, ఆయిల్ మట్టం తగ్గుతుండటం: కారు నడపకండి. ఎక్కడో కారుతోంది. గ్యారేజీకి లాగించుకుని వెళ్లాల్సిందే.

ఏ సమస్యా లేకపోయినా 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య చక్రం నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి చూడండి. అప్పుడే చక్రం సందుల్లోంచి డిస్క్ ముఖాలనూ చూడండి. రెండు పక్కలా ఒకే రంగు, ఒకే నునుపు ఉండాలి. ఒక డిస్క్ మీద తుప్పు చారలు అలాగే మిగిలి రెండోది మెరుస్తుంటే, తుప్పున్న పక్క కాలిపర్ పని చేయడం లేదు. ఆ చక్రం విప్పి, పిన్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.